తెరచిన గుండె ఎవరిది? ఒంగోలు మాదిగలు, క్రైస్తవ సత్యం (1866-1878)

తెలుగు ప్రాంతంలో దళితులు క్రైస్తవం తీసుకున్న చరిత్రను ఇంతవరకు ముఖ్యంగా రెండు రకాల వాళ్లు రాశారు. మొదటివారు మిషనరీలు, వాళ్ల వెనక నడిచిన సంఘచరిత్రకారులు. వీళ్ల లెక్కలో దేవుడు పనిచేశాడు, దొర పనిచేశాడు, మనవాళ్లు నీళ్లల్లో మునిగారు. రెండోవారు అగ్రవర్ణ రచయితలు. వీళ్ల లెక్కలో కరువు పనిచేసింది, బియ్యం మూట పనిచేసింది, మనవాళ్లు ఆకలికి అమ్ముడుపోయారు. చూడ్డానికి ఈ ఇద్దరూ శత్రువుల్లాగా కనపడతారు గాని ఒక్క విషయంలో మాత్రం ఇద్దరిదీ ఒకటే మాట. మాదిగకు, మాలకు సొంత ఆలోచన లేదు, సత్యాన్ని తూచి చూసుకునే బుద్ధి లేదు, ఎవరో వచ్చి ఏదో పోస్తే నిండే ఖాళీ కుండ అతను, అన్నదే ఆ మాట.

క్రైస్తవ బోధలో 'హృదయం తెరచి సత్యాన్ని స్వీకరించడం' అనే మాట తరచుగా వింటాం. ప్రతి ఆదివారం పల్లె గుళ్లల్లో పాస్టర్లు చెప్పే మాటే ఇది. ఈ మాటకు దళిత చరిత్రలో అర్థం ఏమిటి? తెరచిన గుండె అంటే ఖాళీ గుండెనా? వెతుకుతున్న గుండెనా? ఈ ప్రశ్నకు జవాబు దొరికే చోటు ఒంగోలు ప్రాంతమని మేం అనుకుంటున్నాం. 1866 నుంచి 1878 దాకా అక్కడి మాదిగ పల్లెల్లో ఏం జరిగిందో ఈ వ్యాసంలో చూస్తాం.

మిషన్ ఎవరి కోసం వచ్చింది

అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషన్ 1836లో శామ్యూల్ డే రాకతో మొదలైంది. 1840లో నెల్లూరు దాని కేంద్రమైంది. ముప్పయ్యేళ్లపాటు ఫలితం లేదని అమెరికాలో వాళ్లు మిషన్‌ను మూసెయ్యాలని పదేపదే అనుకున్నారు. 1854 జనవరి 1న తెల్లవారుజామున ఒంగోలు కొండ మీద అయిదుగురు ప్రార్థన చేశారని సంఘచరిత్ర అంతా చెప్పుకుంటుంది. ఆ కొండకు ప్రార్థన కొండ అనే పేరు పడింది. ఆ అయిదుగురిలో లైమన్ జూయెట్, ఆయన భార్య పోగా మిగతా ముగ్గురూ ఇక్కడివాళ్లే. ముగ్గురిలో ఇద్దరు ఆడవాళ్లు, జూలియా, రూతు. ఈ సంగతిని మాత్రం ఒక వాక్యంలో దాటేస్తారు.

ఆ కాలంలో తెలుగునాట మిషన్ల చూపు ఎక్కువగా పైకులాల మీద ఉండేది. బ్రాహ్మణుడు మారితే కింది కులాలు వాటంతట అవే వస్తాయని లెక్క. బందరులో రాబర్ట్ నోబుల్ 1843లో పెట్టిన బడి ఇందుకు పెద్ద ఉదాహరణ. అక్కడ ఒకరో ఇద్దరో బ్రాహ్మణ, వెలమ యువకులు బాప్తిస్మం తీసుకుంటే అది దేశమంతా చెప్పుకునే వార్త. అగ్రవర్ణంవాడు ఒక్కడు మారితే దాన్ని 'సత్యాన్వేషణ' అన్నారు. పల్లెకు పల్లె మారితే 'మూకుమ్మడి మార్పిడి' అన్నారు. భాషలోనే కులం ఉంది గదా.

మరి జరిగిందేమిటి? ఎదురుచూసిన తలుపు తెరుచుకోలేదు. ఎవరూ తట్టని తలుపు లోపలినుంచి తెరుచుకుంది. కృష్ణా ప్రాంతంలో రాఘవాపురం పగోలు వెంకయ్య సంగతి ఇందుకు ఒక సాక్ష్యం. ఆయన మాల. 1859లో బాప్తిస్మం తీసుకున్నాడు. మిషనరీ కంటపడకముందే విగ్రహాల మీద నమ్మకం పోయి, పేరు తెలియని ఒక్క దేవుణ్ణి, నువ్వెవరు, ఎక్కడున్నావు అని వెతుక్కున్నాడని ఆయన కథ చెపుతుంది. అంటే ప్రశ్న ఆయనదే. జవాబు తరవాత వచ్చింది.

యర్రగుంట్ల పేరయ్య: రాజయోగి, తోళ్ల వర్తకుడు

ఒంగోలు కథ యర్రగుంట్ల పేరయ్యతో మొదలవుతుంది. ఆయన తాళ్లకొండపాడు మాదిగ. తోళ్ల వ్యాపారం కోసం దూరప్రాంతాలు తిరిగినవాడు. ఈయన గురించి మనకు ఎక్కువగా తెలిసేది ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో ప్రచురించిన పుస్తకం వల్ల. ఆమె ఒంగోలు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌను 1894లో పెళ్లాడింది. చదువుకున్న విదేశీ స్త్రీ ఒకామె మాదిగ పెద్దల దగ్గర కూర్చుని, చెప్పులు కుట్టేవాళ్ల నోటి మాటను రాసుకోవడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. ఆమె చూపులో మిషనరీ చూపు ఉంది, దాన్ని కాదనం. అయినా మన పండితులు మాదిగ వాడలోకి అడుగే పెట్టని రోజుల్లో ఆమె రాసిపెట్టిన దాంట్లో మన పెద్దల గొంతు వినపడుతుంది.

ఆ పుస్తకం చెప్పే ముఖ్యమైన సంగతి, పేరయ్య అప్పటికే రాజయోగం నేర్చినవాడు. వీరమ్మ అనే స్త్రీ గురువు దగ్గర ఉపదేశం పొందాడు. శ్వాస బిగబట్టి ధ్యానంలో కూర్చునేవాడు. ఆయన మాట వినే శిష్యులు ఉండేవాళ్లు. మాదిగ పల్లెల్లో గురుసంప్రదాయాలు తిరిగేవని, దేవుడు ఒక్కడే, గుడిలో రాయి దేవుడు కాదు అనే మాట మిషనరీ రాకముందే అక్కడ ఉండేదని ఆమె రాతల వల్ల తెలుస్తుంది. ఇదేమీ వింత కాదు. పోతులూరి వీరబ్రహ్మం శిష్యుల్లో దూదేకుల సిద్దయ్యతోపాటు మాదిగ కక్కయ్య కూడా ఉన్నాడని జనం చెప్పుకునే కథ మనకు తెలిసిందే. గుడి గడప తొక్కనివ్వని జనానికి ఒంట్లోనే గుడి ఉందని చెప్పే మార్గం దగ్గరగా అనిపించింది.

ఇట్లాంటి పేరయ్య తోళ్ల పని మీద ఏలూరు వెళ్లినప్పుడు అక్కడి మిషనరీ నోట యేసు గురించి విన్నాడు. విని ఊరుకోలేదు. ఇల్లు చేరి భార్య నాగమ్మకు చెప్పాడు. బంధువులకు చెప్పాడు. ఒంగోలుకు మిషనరీ వస్తాడని తెలిసి వెతుక్కుంటూ వెళ్లాడు. 1866లో భార్యాభర్తలిద్దరూ ఒంగోలులో బాప్తిస్మం తీసుకున్నారు. క్లౌ కాపరానికి ఒంగోలు వచ్చింది ఆ ఏడాది సెప్టెంబరులో. అంటే దొర ఇల్లు కట్టుకోకముందే పేరయ్య బోధ మొదలయింది.

అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయంలో లూదియ కథ ఉంది. ఆమె ఊదారంగు పొడి అమ్ముకునే వర్తకురాలు. అప్పటికే దేవుణ్ణి ఆరాధించే మనిషి. పౌలు చెప్పేది వింటుంటే ప్రభువు ఆమె హృదయాన్ని తెరిచాడని, ఆమె ఇంటివాళ్లతో కూడా బాప్తిస్మం పొందిందని ఆ కథ. తోళ్ల వర్తకుడు పేరయ్య కథ కూడా ఇదే తీరుగా ఉంది. వెతుకుతున్న మనిషికే గుండె తెరుచుకుంది. తెరుచుకున్నది ఒక్కడి గుండెతో ఆగలేదు, ఇల్లంతటికీ, చుట్టాలకూ పాకింది. తరవాతి అధ్యాయంలో బెరయ ఊరివాళ్ల సంగతి వస్తుంది. వాళ్లు వాక్యాన్ని ఆసక్తితో తీసుకున్నారు, అది నిజమో కాదో రోజూ లేఖనాల్లో వెతికి చూసుకున్నారు. క్రైస్తవ గ్రంథంలోనే 'స్వీకరించడం', 'పరీక్షించడం' పక్కపక్కన ఉన్నాయి. పేరయ్య రాజయోగాన్ని ఏళ్ల తరబడి చేసి చూసినవాడు. కొత్త బోధను పాతదానితో తూచి చూసి తీసుకున్నవాడు. ఈయన్ని 'ప్రథమ ఫలం' అని ఒక్క మాటలో చెప్పి సంఘచరిత్ర ముందుకు పోతుంది. ఆ చెట్టును ఎవరు నాటారని అడగదు.

ఎవరి తిండి ఎవరు తిన్నారు

1867 జనవరి 1న ఎనిమిదిమంది సభ్యులతో ఒంగోలు సంఘం ఏర్పడింది. ఆ నెలలోనే పేరయ్య పిలుపు మీద క్లౌ తాళ్లకొండపాడు వెళ్లి గుడారం వేశాడు. చుట్టుపక్కల పల్లెలనుంచి మాదిగలు ఆడామగా వచ్చారు. వాళ్లు మూటల్లో కొద్ది రోజులకు సరిపడే తిండి, ఉతికిన బట్టలు తెచ్చుకున్నారు. బోధ వినాలంటే రోజులు పడుతుంది, బాప్తిస్మానికి శుభ్రమైన బట్ట కావాలి, అన్నీ ముందే ఆలోచించుకుని బయల్దేరారు. కొన్ని రోజులు విన్నారు, ప్రశ్నలకు జవాబులు చెప్పారు. జనవరి 20న 28 మంది బాప్తిస్మం పొందారు.

'బియ్యం క్రైస్తవులు', 'పాలపొడి క్రైస్తవులు' అని మనల్ని వెక్కిరించేవాళ్లు ఈ దృశ్యాన్ని ఒకసారి చూడాలి. మొట్టమొదటి మాదిగ సంఘం తన సద్ది తాను కట్టుకుని వచ్చింది.

ఈ బాప్తిస్మాలకు ఒంగోలు పట్టణంలో అగ్రవర్ణాలవాళ్లు వెంటనే స్పందించారు. అప్పటిదాకా మిషన్ బడికి పిల్లల్ని పంపినవాళ్లు మాదిగలు చేరారని తెలిసి పిల్లల్ని మాన్పించారు. మాదిగల్ని చేర్చుకోకపోతే మేమే వస్తామన్నట్టు మాట్లాడారు. ముప్పయ్యేళ్లు ఎదురుచూసిన మిషన్‌కు ఇది పెద్ద ఆశ. ఆ రోజు క్లౌ ఒకచోట, ఆయన మొదటి భార్య హారియెట్ వేరొకచోట బైబిల్ తెరిస్తే ఇద్దరికీ ఒకే భాగం, కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయం, కంటపడిందని క్లౌ చెప్పుకున్నాడు. లోకం తక్కువగా చూసినవాళ్ల మీదే దేవుని ఎన్నిక పడిందని పౌలు వాదించే చోటు అది. వాళ్లు మాదిగల పక్షాన నిలబడ్డారు. దీన్ని దైవనిర్ణయమని విశ్వాసులు నమ్ముతారు. మేం ఇంకొకటి కూడా అంటాం. మాదిగలు అప్పటికే గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు గనకనే దొరకూ దొరసానికీ ఆ వాక్యం కొత్తగా కనపడింది. అక్కడ గుండె తెరవాల్సిన అవసరం మాదిగలకే గాదు, మిషనరీలకు కూడా వచ్చింది.

మూడు కట్టుబాట్లు, వాటి ఖరీదు

కొత్తగా చేరినవాళ్లకు క్లౌ మూడు నియమాలు పెట్టాడు. ఆదివారం పని చెయ్యకూడదు. చచ్చిన గొడ్డు తినకూడదు. విగ్రహాలకు మొక్కకూడదు. ఇవి వట్టి మతనియమాలుగా చదివితే వీటి అసలు బరువు తెలియదు. ఊరి వ్యవస్థలో మాదిగ స్థానం ఏమిటో గుర్తుపెట్టుకుని చదవాలి.

రైతులకు చెప్పులు, బావుల్లో నీళ్లు తోడే తోలుబానలు, ఎడ్లకు తోలుపట్టెలు మాదిగ ఇయ్యాలి. పిలిచినప్పుడల్లా వెట్టికి పోవాలి. చచ్చిన గొడ్డును ఊరి బయటికి ఈడ్చాలి. అమ్మవారి కొలుపులో డప్పు కొట్టాలి. దీనికంతటికీ బదులు కళ్లంలో నాలుగు గింజలు. ఇప్పుడు మాదిగ 'ఆదివారం రాను' అన్నాడంటే ఏమయింది? తన ఒంటి మీద, తన రోజు మీద తనకు హక్కుందని మొదటిసారి అన్నాడు. 'చచ్చిన గొడ్డు తినను' అన్నాడంటే తనను అంటరానివాణ్ణి చేసిన సాకుల్లో ఒకదాన్ని తెంచేశాడు. 'కొలుపులో డప్పు కొట్టను' అన్నాడంటే ఊరి పండగే ఆగిపోయింది.

దీనికి ఊరు ఊరుకోలేదు. కరణాలు, మునసబులు, పెద్ద రైతులు కలిసి పని ఆపేశారు, నీళ్లు ఆపేశారు, కొట్టారు, దొంగకేసులు పెట్టారు. గింజల కోసం మతం మారాడంటారే, అతనికి ఉన్న గింజలు కూడా పోయాయి. అయినా పల్లెలు వెనక్కి తిరగలేదు. సత్యాన్ని స్వీకరించడమంటే లోపల జరిగే మార్పు మాత్రమేనని చదువుకున్న క్రైస్తవులు అనుకోవచ్చు. మాదిగ పల్లెలో మాత్రం అది మర్నాడు పొద్దున్నే ఊరి నడుమ తేలిపోయే సంగతి.

ఇక్కడ మేం మిషన్‌ను విమర్శించకుండా ఉండలేం. డప్పును దయ్యాల వాయిద్యమని చెప్పి మూల పడేయించారు. మాతంగి కథలు, గురువుల తత్వాలు, వీరమ్మలాంటి స్త్రీల ఉపదేశం, అన్నిటినీ 'అంధకారం' కింద జమకట్టారు. వెట్టి డప్పును వదిలెయ్యడం విముక్తే. కాని డప్పు చేసే తెలివిని, పాటని, జ్ఞాపకాన్ని వదిలెయ్యమనడం వేరు. ఆ రెంటికీ తేడా మిషనరీకి తెలియలేదు. పేరయ్యను తెచ్చిన దారినే మూసేసి, ఆయన గుండె ఖాళీగా ఉండేదని తరవాత తరాలకు చెప్పారు.

కరువు, కాలవ, గుండ్లకమ్మ

ఇప్పుడు అందరూ వేలెత్తి చూపే 1878 దగ్గరికి వద్దాం. 1876-78 కరువులో మద్రాసు రాజధానిలో లక్షలాది మంది చచ్చిపోయారు. కూలి మీద, వెట్టి మీద బతికే మాల మాదిగలకు ముందు దెబ్బ తగిలింది. ప్రభుత్వం కరువు పని కింద బకింగ్‌హాం కాలవ తవ్వించింది. క్లౌ కుర్రతనంలో అమెరికాలో సర్వే పని చేసినవాడు. కాలవలో సుమారు మూడున్నర మైళ్ల భాగం కాంట్రాక్టు తీసుకుని రాజుపాలెం దగ్గర మకాం పెట్టాడు. తన బోధకుల్ని పనిమీద మేస్త్రీలుగా పెట్టాడు. మిగతా చోట్ల తిట్లూ దెబ్బలూ తిన్న కూలీలు ఇక్కడికి వచ్చారు. మట్టి తవ్వారు, కూలి తీసుకున్నారు. సాయంత్రాలు తమ కులంవాడే, తమ భాషలోనే చెప్పే మాటలు విన్నారు. ఊరి దొర కింద తప్ప పని ఎరగనివాళ్లకు, చేసిన పనికి చేతికి డబ్బు రావడం, పేరు పెట్టి పిలిపించుకోవడం, ఇవే సగం బోధ అయ్యాయి.

గమనించాల్సింది ఏమిటంటే, కరువు జోరుగా ఉన్నప్పుడు సుమారు 15 నెలలపాటు క్లౌ బాప్తిస్మాలే ఇవ్వలేదు. సహాయం కోసం వచ్చారన్న మాట రాకూడదని ఆపేశాడు. 1878 జూన్ నాటికి సహాయ నిధి అయిపోవచ్చింది. ఒంగోలుకు ఉత్తరంగా సుమారు పదిమైళ్ల దూరాన గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లికి జనం వేలల్లో వచ్చారు. ఇక డబ్బు లేదు, పొమ్మని చెప్పారు. వాళ్లు పోలేదు. మాకు సహాయం వద్దు, మా చేతుల బొబ్బలు చూడండి, పని చేసుకుని బతుకుతాం, పంట మళ్లీ పోతే చస్తాం, చచ్చినా క్రైస్తవులుగా చస్తాం అనే అర్థం వచ్చేట్టు వాళ్లు చెప్పారని క్లౌ తన ఆత్మకథలో చెప్పాడు. ఆయన చనిపోయాక ఎమ్మా ఆ పుస్తకాన్ని 1914లో తెచ్చింది.

జులై 2న 614 మంది, 3న 2222 మంది, 4న 700 మంది, మూడు రోజుల్లో 3536 మంది బాప్తిస్మం పొందారు. 3వ తేదీ సంఖ్య ప్రపంచమంతా ప్రచారమయింది. ఆ సంఖ్య వెనక రెండు సంగతులు ఉన్నాయి. ఒకటి, ఆ రోజు క్లౌ ఒక్కరికి కూడా బాప్తిస్మం ఇవ్వలేదు. ఆరుగురు దేశీయ బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా నీళ్లల్లో నిలబడ్డారు. రెండు, వచ్చినవాళ్లు గుర్తు తెలియని మూక కాదు. పల్లెలవారీగా, చుట్టరికాలవారీగా, వాళ్లను ఎరిగిన బోధకులు విచారించి పేర్లు రాసుకున్న మనుషులు. కులపెద్దల ముందు కూర్చుని తేల్చుకుని పదిమంది కలిసి కట్టుబడడం మాదిగ పల్లె నిర్ణయం తీసుకునే పద్ధతి. ఒక్కడు ఒంటరిగా గదిలో కూర్చుని తీసుకున్నదే నిజమైన నిర్ణయమనడం యూరపు కొలత. ఆ కొలతతో మన పల్లెను కొలిస్తే తూకం తప్పుతుంది.

ఆకలి లేదని మేం అనడం లేదు. ఆకలి ఉంది, అవమానం ఉంది, చావు కళ్ల ముందు ఉంది. అయితే ఆకలిగా ఉన్న మనిషికి సత్యం పట్టదా? కడుపు నిండినవాడికే ఆత్మ ఉంటుందా? 1933లో మూకుమ్మడి ఉద్యమాల మీద పుస్తకం తెచ్చిన పికెట్ అనే మిషనరీ వేలమందిని ప్రశ్నించి, ఏ కారణంతో చేరారన్న దానికన్నా చేరాక ఏం నేర్చుకున్నారన్నదే మనిషిని మారుస్తుందని తేల్చాడు. ఆ మాట వెల్లంపల్లికి కూడా వర్తిస్తుంది. కరువు పోయింది, వానలు పడ్డాయి, సంఘాలు మాత్రం మిగిలాయి. చెట్టు కింద బళ్లు వచ్చాయి, పల్లె పిల్లలు అక్షరాలు దిద్దారు, ఆడవాళ్లు వాక్యం చదివి చెప్పే బైబిలు స్త్రీలయ్యారు. మా ఇళ్లల్లో యూనివర్సిటీ గడప తొక్కిన మొదటి తరం మేమే. ఆ గడప దాకా వచ్చిన దారి ఆ చెట్టు కిందనే మొదలయిందని మాకు తెలుసు.

గుండెకు సాక్ష్యం అడిగేదెవరు

1936లో గాంధీ, జాన్ మోట్ అనే మిషన్ నాయకుడితో మాట్లాడుతూ, ఆవుకు సువార్త చెపుతారా అని అడిగాడు. అంటరానివాళ్లలో కొందరు గ్రహణశక్తిలో ఆవు కంటే తక్కువని, మతాల మంచిచెడ్డలు పోల్చి చూడలేరని అన్నాడు. పేరయ్య రాజయోగాన్నీ క్రైస్తవాన్నీ తూచి చూసుకుని అప్పటికి డెబ్బయ్యేళ్లు. ఆ చరిత్ర తెలియకపోవడం యాదృచ్ఛికం కాదని మేం అంటాం. దళితుడికి ఆలోచన ఉందని ఒప్పుకుంటే అతను ఏ మతాన్ని ఎందుకు వదిలాడో కూడా వినాల్సి వస్తుంది.

ఈ అనుమానమే తరవాత చట్టంలోకి వచ్చింది. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులో మూడో పేరా హిందువు కాని దళితుణ్ణి జాబితా బయట పెట్టింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవ, ముస్లిం దళితులను చేర్చలేదు. మన రాష్ట్రంలో క్రైస్తవులైన ఎస్సీలను బి.సి.-సి కింద ఒక్క శాతంలో పెట్టారు. ఎస్సీ హోదా ఇవ్వాలని 2009లో, మళ్లీ 2023లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ తీర్మానాలు చేసింది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు పుదుచ్చేరికి చెందిన ఒక మహిళ కేసులో, నిజమైన నమ్మకం లేకుండా రిజర్వేషన్ కోసమే హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసం చేయడమేనని చెప్పింది. అంటే న్యాయస్థానం కూడా చివరికి గుండెలో ఏముందని అడుగుతోంది.

ఫలితం మన పల్లెల్లో అందరికీ తెలిసిందే. సంఘ రిజిస్టర్లో ఒక పేరు, బడి సర్టిఫికెట్లో ఇంకో పేరు. ఆదివారం నోరారా పాడుకున్న పిల్ల సోమవారం ఆఫీసు బల్ల ముందు నోరు కట్టుకోవాలి. వెలివాడ మాత్రం మారలేదు. ఊరివాళ్లు కొట్టడానికి వచ్చినప్పుడు ఎవరు బైబిలు చదువుతారని అడిగి కొట్టరు, మాదిగ పల్లె ఏదని చూసి వస్తారు. సత్యానికి గుండె తెరిచిన జనం ఆ గుండెను మూసిపెట్టుకుని బతకాల్సి రావడం, దీన్ని మించిన హింస ఏముంది? ఈ మూతను వెయ్యడంలో ప్రభుత్వానిది పెద్ద చెయ్యి. మాలలకో సంఘం, మాదిగలకో సంఘం, పైకులాలకో సంఘంగా చీలిపోయి, హోదా ప్రశ్న వచ్చినప్పుడల్లా పరలోకం వైపు చూపించే చర్చి పెద్దలు కూడా ఇందులో పాలివాళ్లే.

ఇక పరిశోధకులుగా మనం చెయ్యాల్సిన పని చాలా ఉంది. ఒంగోలు, నెల్లూరు, గుంటూరు ప్రాంతాల్లో పాత సంఘ రిజిస్టర్లు చెదలు పడుతున్నాయి. వాటిల్లో మన తాతముత్తాతల పేర్లు, పల్లెలు, చుట్టరికాలు ఉన్నాయి. గురువుల తత్వాలు, సువార్త పాటలు రెండూ ఎరిగిన ముసలివాళ్లు ఇంకా అక్కడక్కడ ఉన్నారు. వాళ్ల మాట రాసుకోవాలి. జూలియా, రూతు, వీరమ్మ, నాగమ్మ వంటి స్త్రీల దారిని విడిగా వెతకాలి. మిషన్ నివేదికలను దొర విజయంగా గాక, మాదిగ నిర్ణయాల రికార్డుగా తిరగేసి చదవాలి.

అట్లా చదివితే 'హృదయం తెరచి స్వీకరించడం' అనే మాటకు మన చరిత్ర ఇచ్చే అర్థం తేలుతుంది. వెతుకుతున్నవాళ్లు విన్నారు. విన్నదాన్ని తూచి చూశారు. తమ సద్ది తాము కట్టుకుని వచ్చారు. పదిమందితో కలిసి కట్టుబడ్డారు. దానికి ఊరు వేసిన శిక్ష అనుభవించారు. ఇంతకంటే ఎక్కువ సాక్ష్యం ఏ బ్రాహ్మణ విశ్వాసినీ ఎవరూ అడగలేదు. మననూ ఇక అడగడానికి వీల్లేదు.